సంచి అంచున వేళ్ళు

ఏలూరు,
జులై 21

ప్రసన్నా,

నేను ఫోను తీయడం లేదని నువ్వు కంగారు పడుతున్నావట, మా ఆడపడుచు షిరీన్ చెప్పింది. ఫోను ఆపేసి బీరువాలో పెట్టాను. చేసినవాళ్ళందరూ ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పమంటున్నారు. జావీద్ కైకలూరులో చేపల మేత కొట్టు ముందు కుర్చీలో కూర్చున్నారు, టీ తెప్పించుకున్నారు, మళ్ళీ లేవలేదు. జరిగింది అంతే. నలభై రోజులుగా ఇదే చెప్పీ చెప్పీ, ఇప్పుడు చెబుతుంటే వేరెవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు ఉంటోంది. నువ్వు మూడోరోజున వచ్చి నా పక్కన కూర్చున్నావు, ఏమీ అడగకుండా వెళ్ళిపోయావు. అందుకే నీకు రాస్తున్నాను. ఇప్పుడూ అడగొద్దు.

నాకు నీతో వేరే పని ఉంది. నా సంచి బొమ్మల సైటు నీకు తెలుసు, కానీ ఎప్పుడూ నిదానంగా చూసి ఉండవు. తొమ్మిదేళ్ళ క్రితం సరదాకి మొదలుపెట్టాను. ఆయనది ఖాళీ సంచుల వ్యాపారం కదా. హోటళ్ళ దగ్గర బియ్యం సంచులు, కైకలూరు, కలిదిండి చెరువుల దగ్గర మేత సంచులు కొని, వేరుచేసి, బేళ్ళు కట్టి అమ్మేవారు. వాటిమీది బొమ్మల పిచ్చి నాది. రెండు జింకలు, ఎర్ర గులాబీ, ఏనుగు మీద కూర్చున్న పాప, కిరీటం పెట్టుకున్న రొయ్య. కొత్త బొమ్మ కనబడితే ఒక సంచి ఇంటికి వచ్చేది. ఫోటో తీసి, ఏ ఊరి మిల్లుదో, ఏ ఏడాదిదో రాసి సైటులో పెట్టేదాన్ని. మొత్తం నాలుగు వందల పద్దెనిమిది అయ్యాయి.

ఇద్దత్‌లో ఉన్నాను, నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. చేతులు ఊరుకోవడం లేదని సైటు రూపం మొత్తం మార్చడం మొదలుపెట్టాను. పాత రంగులు తీసేశాను. కొత్తది వేరే చిరునామాలో పెట్టాను, కింద రాశాను, చూడు.

ఇబ్బంది ఏమిటంటే, బాగుందో లేదో నాకు తెలియడం లేదు. నీలం పెట్టి చూస్తాను, ఆకుపచ్చ పెట్టి చూస్తాను, రెండూ ఒకటే. కూరలో ఉప్పు ఎక్కువైందని మా అత్తగారు అంటే తెలుస్తోంది. ఇదివరకు నేను ఇలా ఉండేదాన్ని కాదు. ఇది ఇలాగే ఉండిపోతుందేమో అని అనుకుంటున్నాను, భయం కూడా వేయడం లేదు. అందుకని నువ్వు చూసి చెప్పు. స్నేహితురాలిలా వద్దు, నీ షాపుకి వచ్చిన కస్టమర్‌కి చెప్పినట్టు చెప్పు. నువ్వు చెప్పిందే చేస్తాను.

సమ్రీన్


తాడేపల్లిగూడెం,
జులై 30

సమ్రీన్,

నీ ఉత్తరం ఇచ్చి పోస్ట్‌మన్ కదలకుండా నిలబడ్డాడు. "మీకు బిల్లులు కాకుండా ఉత్తరం రావడం ఇదే మొదలండి, అంతా మంచేనా అండీ" అన్నాడు. మంచేనని చెప్పాను. నువ్వు అడగొద్దన్నవి అడగను. కస్టమర్‌కి చెప్పినట్టు చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, తర్వాత మొహం మాడ్చుకోకూడదు.

నాకు తెరమీద తప్పులు కనబడవు, కాగితం మీద పడితేనే కనబడతాయి. ఇరవై ఏళ్ళుగా ఫ్లెక్సీలూ పెళ్ళికార్డులూ చేస్తున్నా ఇదే వరస. అందుకని నీ మొదటి పేజీ, బొమ్మల పేజీలు ఆరు, మంచి కాగితం మీద కలర్ ప్రింటు తీసి ఎర్రపెన్ను పట్టుకున్నాను. పేజీకి ఆరు, ముప్పై ఆరు బొమ్మలు.

తెలుపు మరీ ఎక్కువైంది తల్లీ. తెల్లని గోడ, దానిమీద బూడిదరంగు అక్షరాలు. కొత్తగా కట్టిన ఆసుపత్రిలో చీటీ రాయించుకోవడానికి నిలబడినట్టుంది. పైన పట్టీకి గోనెసంచి రంగు వేయి, అక్షరాలు నల్లగా ఉంచు, ఒక సైజు పెంచు. మన గోపీనాథ్ గారికి చూపించాను, కళ్ళజోడు పైకెత్తి, కిందకి దించి, "ఇందులో సైటు పేరు ఎక్కడుందోయ్" అన్నారు. నా మొగుడికే కనబడకపోతే ఎవరికి కనబడుతుంది. బొమ్మలు కూడా చిన్నవి చేసి మూలకి తోశావు. చూడ్డానికి వచ్చేది వాటినే కదా, మధ్యకి లాగు.

అన్నిటికంటే చిరాకు పెట్టినవి వేళ్ళు. ప్రతి ఫోటోలోనూ ఎడమ అంచున ఒక బొటనవేలు, వెనక నుంచి రెండు వేళ్ళు. మిల్లులో బస్తాలు మోసే జట్టువాళ్ళు ఎవరో పట్టుకున్నట్టున్నారు, గోళ్ళలో నీలం సిరా కూడా దిగి ఉంది. బొమ్మ ఎంత బాగున్నా చూపు పోయి ఆ వేళ్ళమీదే పడుతోంది. అంచు దాకా కత్తిరించేయి, అన్నీ ఒకే కొలతకి వస్తాయి, పేజీకి తీరు వస్తుంది. ముప్పై ఆరింటిమీదా వేళ్ళు ఉన్నచోట ఇంటూ కొట్టాను.

మా షాపు పద్ధతి ప్రకారం నేను దిద్దిన అసలు కాగితాలు ఫైల్లో ఉంటాయి, నీకు జిరాక్సులు పంపుతున్నాను. చూసుకుని కింద ఓకే అని రాసి సంతకం పెట్టి తిప్పి పంపు. నాకూ నీకూ మధ్య సంతకమేమిటి అంటావా, అది లేకపోతే నాకు పని చేసినట్టే ఉండదు. ఒకసారి ఓకే రాసిచ్చాక తప్పుంటే నాది కాదు, అదీ లెక్క.

ఏదైనా తింటున్నావా? ఇది అడగొద్దన్న జాబితాలో లేదు కాబట్టి అడిగాను.

నీ ప్రసన్న


ఏలూరు,
ఆగస్టు 12

ప్రసన్నా,

కాగితాలు అందాయి. సంతకం పెట్టి ఇందులోనే పంపుతున్నాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పై పట్టీ గోనె రంగు. అక్షరాలు నలుపు, ఒక సైజు పెంచాను. బొమ్మలు మధ్యకి తెచ్చాను. ఫోటోలు నాలుగు వందల పద్దెనిమిదీ కత్తిరించాను. రోజుకి నలభై చొప్పున పదకొండు రోజులు పట్టింది. మొదట్లో ఒక్కొక్కదానికీ కొలత చూసుకోవలసి వచ్చింది, తర్వాత చెయ్యే చూసుకుంది. చోటు చాలక పాత సైటూ, అందులోని ఫోటోలూ తీసేసి, ఆ చిరునామాలోనే కొత్తవి ఎక్కించాను. ఇప్పుడు అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి.

మా మరిది జీషాన్ వచ్చాడు. "వదినా, అన్న ఫోను ఊరికే పడుంది, ఊళ్ళు తిరిగే లైనుకి వెళ్ళేటప్పుడు నేను వాడుకోనా" అన్నాడు. తీసుకోమన్నాను. అందులోవన్నీ చెరిపేసి తన నంబరు వేసుకున్నాడు. చెరిపే ముందు అడిగాడు కూడా, పాపం. సరే అన్నాను. ఈ మధ్య ఎవరు ఏది అడిగినా సరే అంటున్నాను, త్వరగా అయిపోతోంది.

తింటున్నాను. మా అత్తగారు ఎదురుగా కూర్చుని పెడుతున్నారు. ఆవిడ నా కంచంలోకి చూస్తూ ఏడుస్తారు, నేను తింటాను.

ఇంకా ఏమైనా మార్చాలంటే రాయి.

సమ్రీన్


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 20

సమ్రీన్,

చూశాను. బాగుంది. నిజంగా బాగుంది, మా షాపుకి వచ్చినవాళ్ళకి తెరమీద చూపించి నేనే చెప్పి చేయించానని గొప్పలు కూడా పోయాను. ఉల్లిపాయల మార్కెట్‌లో గుమాస్తా ఒకాయన ఏనుగు మీద పాపని చూసి, "ఇది మా చిన్నప్పటి బియ్యం అండీ" అని పది నిమిషాలు అక్కడే నిలబడిపోయాడు.

కానీ నీ ఉత్తరం నాకు బాగోలేదు. పదకొండు రోజులు కూర్చుని చేసిన మనిషి, ఒక్కదానికైనా కాదు అనలేదు. టెన్త్‌లో సైన్సు రికార్డులో నేను కప్పను గీస్తే, ఇది కప్ప కాదు బంగాళాదుంప అని పేజీ చింపి మళ్ళీ గీయించినదానివి. నా పెళ్ళిచీర అంచు బాగోలేదని పందిట్లో చెప్పినదానివి. గోనె రంగు అన్నది నేను నోటికి వచ్చి అన్నాను సమ్రీన్, నువ్వు వద్దంటావని, ఇటుక రంగు దగ్గర తెములుతుందని అనుకున్నాను. నువ్వు వేసేశావు.

నాకు కస్టమర్లు చాలామంది ఉన్నారు. ఒకసారి తిట్టు, హాయిగా ఉంటుంది.

ప్రసన్న


ఏలూరు,
సెప్టెంబరు 3

ప్రసన్నా,

తిట్టడానికి నాకేమీ తోచలేదు. సైటు గురించి ఒక అభిప్రాయం వచ్చింది, అది నీకు పంపాలి కాబట్టి రాస్తున్నాను.

పెదపాడు నుంచి పట్టాభిరామయ్య గారని ఒక పెద్దాయన ఉన్నారు. రైసుమిల్లులో పని చేసి రిటైరయ్యారు. నేను పెట్టిన ప్రతి బొమ్మా చూసి, ఏడాది తప్పు రాస్తే సరిచేసేవారు. ఆయన ఇలా రాశారు:

"అమ్మా, కొత్త రూపం శుభ్రంగా ఉందండి. ఒక్క లోటు చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇదివరకు ప్రతి సంచికీ పట్టుకున్న చెయ్యి కనబడేదండి. ఆ వేళ్ళ పక్కన చూస్తే పదికేజీల సంచో పాతిక కేజీల సంచో ఇట్టే తెలిసిపోయేదండి. ఇప్పుడు అన్నీ ఒకటే సైజులో ఉన్నాయి. పైగా తొమ్మిదేళ్ళుగా అదే చెయ్యి చూసి అలవాటైపోయిందండి మాకు. ఆ అబ్బాయి పని మానేశాడా అండి?"

ఆ వేళ్ళు జావీద్‌వి. జట్టువాళ్ళవి కావు. బేళ్ళమీద నంబర్లు వేసే మార్కరు సిరా అది, గోళ్ళలోంచి పోయేది కాదు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, అన్నం తిని, ఆ వారం దొరికిన సంచులు డాబామీదకి తెచ్చేవారు. కొత్త బొమ్మ అయితే ముందు చూపించేవారు కాదు, మడిచి పట్టుకుని వచ్చి, నేను ఆయన ఫోను తీసుకుని సరిచేసుకున్నాక విప్పేవారు. ఎడమచేత్తో పట్టుకుని మనిషి పక్కకి తప్పుకునేవారు, ఫోటోలో పడకూడదని. చెయ్యి మాత్రం పడేది. పడనీ అనేదాన్ని.

కత్తిరిస్తున్నప్పుడు నాకు తెలియదా అని అడుగుతావు. తెలుసు. ప్రతిదానికీ తెలుసు. ఇది ఆయన చెయ్యి అనుకుని కత్తిరించాను, తర్వాతది తీసుకున్నాను. ఆపాలనిపించలేదు. బాధ పడాలని కూడా చూశాను, రాలేదు. నువ్వు దిద్దావు, నేను ఓకే రాసి సంతకం పెట్టాను. నీ తప్పేమీ లేదు, నీకు తెలియదు కదా.

పాత ఫోటోలు ఎక్కడా లేవు. ఆయన ఫోనులో ఉండేవి, దాని సంగతి రాశాను. పట్టాభిరామయ్య గారికి ఏం జవాబు రాయాలో తెలియడం లేదు. కొలతలు అంకెల్లో వేస్తానని రాయనా?

సమ్రీన్


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 6

సమ్రీన్,

జవాబు ఏమీ రాయకు. కొలతలు వేయకు. కొన్నాళ్ళు సైటు జోలికి వెళ్ళకు.

తప్పు నాది కాదని నువ్వు రాస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. సంతకం పెట్టించుకున్నాను కాబట్టి నాది కాదు అని నేనే రాశాను చూడు, ఆ వాక్యం రాసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ఆ మనిషి మా అబ్బాయి పుట్టినరోజుకి వచ్చి కుర్చీలన్నీ మోశాడు, ఆయన చెయ్యి నేను పోల్చుకోలేదు.

ఫైలు తీశాను. నేను దిద్దిన ఆరు పేజీలూ ఉన్నాయి. ముప్పై ఆరు బొమ్మలు, ముప్పై ఆరు చోట్లా వేళ్ళు ఉన్నాయి. వాటిమీద నా ఎర్ర ఇంటూలు ఉన్నాయి. మిగిలినవి ఇవే. వీటిని నేను బాగుచేస్తాను. అప్పటిదాకా ఏమీ అడగకు.

ప్రసన్న


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 28

సమ్రీన్,

నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. నేను అడగొద్దన్నాను కదా అని ఊరుకున్నావేమో.

మూడు వారాలు కూర్చున్నాను. కాగితాలు స్కాన్ చేసి, ఒక్కొక్క వేలిమీదా ఇంటూ చెరిపాను. ఎరుపు పోగొడితే కింద చర్మం పోతోంది, దాన్ని పక్కనుంచి తెచ్చి అతికించాను. మా షాపులో డిజైన్ చేసే మానస సాయం చేస్తానంది, వద్దన్నాను. నేనే పాడు చేశాను, నేనే చేసుకోవాలి.

నీ సైటుకి ఒక కొత్త పేజీ తయారుచేశాను. మధ్యలో జావీద్ ఫోటో, మీ పెళ్ళి ఆల్బమ్‌లోది, షిరీన్‌ని అడిగి తెప్పించాను. చుట్టూ ముప్పై ఆరు చేతులు గుండ్రంగా. వెనక నల్లరంగు. పైన ఆయన పేరు బంగారు అక్షరాల్లో, పక్కన ఒక దీపం, ఫోటోకి సన్నగా దండ. మొదటి పేజీ తెరవగానే ముందు ఇది వచ్చి, తర్వాత బొమ్మలు రావాలి. చూసినవాళ్ళకి ఆ చెయ్యి ఎవరిదో తెలుస్తుంది. పట్టాభిరామయ్య గారికి కూడా అదే జవాబు అవుతుంది.

ప్రింటు పంపుతున్నాను. బాగుంటే సంతకం పెట్టు. బాగుందనే అనుకుంటున్నాను. చేస్తున్నప్పుడు రెండుసార్లు లేచి వెళ్ళిపోవలసి వచ్చింది, అంత బాగా వచ్చింది.

నీ ప్రసన్న


ఏలూరు,
అక్టోబరు 24

ప్రసన్నా,

నీ కవరు వచ్చి మూడు వారాలు దాటింది. వచ్చినరోజున విప్పి చూసి, పక్కన పెట్టేశాను. పద్దెనిమిదో తారీఖున ఇద్దత్ గడువు అయిపోయింది. మా అత్తగారు తలుపు తీసి, "వెళ్ళి వీధి చివరిదాకా నడిచిరా అమ్మా" అన్నారు. చెప్పులు వేసుకున్నాను, మళ్ళీ విప్పేసి వచ్చి నీ కవరు తీశాను. సంతకం పెట్టి, పోస్టులో వేసి వద్దామనుకున్నాను. పెన్ను కూడా చేతిలో ఉంది.

సంతకం పెట్టలేదు.

ఇది బాగోలేదు ప్రసన్నా. అసలేమీ బాగోలేదు. దీపం, దండ మా ఇళ్ళల్లో పెట్టరని నీకు తెలుసు, అయినా నీ చేతికి అలవాటై పెట్టేశావు, దాన్ని క్షమించాను. నలుపు మీద బంగారు అక్షరాలు వార్డు మెంబరు సంతాప సభలా ఉన్నాయి. ఆయన ఫోటోలో పడకుండా తొమ్మిదేళ్ళు పక్కకి తప్పుకున్న మనిషి, ఆయన్ని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టావు. అదీ ఓర్చుకునేదాన్ని. కానీ ఆ గోళ్ళు ఏమిటి? ఎరుపుతోపాటు నీలం కూడా తుడిచేశావు. లేత గులాబీ రంగులో, పెళ్ళికొడుకు గోళ్ళలా చేశావు. బొటనవేలి పక్కన తాడు కోసిన గీత ఉండాలి, అది మరక అనుకుని పూడ్చావు. ఎవరివి ఈ చేతులు? మా ఇంట్లో ఎవరికీ ఇలాంటి చేతులు లేవు.

నాకు కోపం వచ్చింది. గట్టిగా అరిచానట. అత్తగారు పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. కాగితం చూపించి, చూడండి ఆయన చెయ్యి ఇలా ఉంటుందా అన్నాను. ఆవిడ చూసి, "కాదు తల్లీ, మన వాడిది కాదు" అన్నారు. అప్పుడు ఏడుపు వచ్చింది. కూర్చుని ఏడ్చాను. పాలు పొంగి మాడిపోయాయి, ఆ వాసన సాయంత్రం దాకా ఇల్లంతా ఉంది, భరించలేకపోయాను, కిటికీలన్నీ తీశాను.

నీమీద కోపం ఇంకా ఉంది. కత్తిరించమన్నందుకు కాదు, అది నేను చేసిన పని. మూడు వారాలు కూర్చుని ఇంత అందంగా చెరిపినందుకు. నువ్వు బాధ పడుతూ చేశావని తెలుసు, తెలిసినా తగ్గడం లేదు. తగ్గాక నేనే వస్తాను, గూడెం ప్యాసింజరు ఎక్కి.

ఇప్పుడు నేను చెప్పింది నువ్వు చెయ్యి. ఆ ఆరు పేజీలూ స్కాన్ చేసి పంపు. ఒక్క చుక్క తుడవకుండా, రంగు పెంచకుండా, నీ ఇంటూలతో సహా. ముప్పై ఆరు సంచులూ వాటి వాటి చోట్ల పెడతాను. వేళ్ళూ ఉంటాయి, వేళ్ళమీద ఎర్ర గీతలూ ఉంటాయి. మిగిలిన మూడు వందల ఎనభై రెండూ నేను కత్తిరించినట్టే ఉంటాయి. పట్టాభిరామయ్య గారికి నిన్ననే రాశాను, ఆ చెయ్యి మా వారిదండి, జూన్‌లో పోయారు, కత్తిరించింది నేనేనండి అని. పేజీ మీద మాత్రం ఏమీ రాయను.

గోనె రంగు కూడా తీసేస్తున్నాను. ఆ రంగు నాకు మొదటినుంచీ ఇష్టం లేదని ఇప్పుడు తెలిసింది. ఇటుక రంగు వేస్తున్నాను.

అంతా అయ్యాక చూడు. నచ్చకపోతే నచ్చలేదని రాయి. ఈసారి మార్చను.

సమ్రీన్